ఓడ మీద వియ్యపురాండ్లం

సింగపూర్ రేవులో కంపెనీ మనిషి కాగితం పట్టుకొని ఎవరికి ఏ గదో చదువుతుంటే నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం, అంతమంది ముందు, ఆ కాగితం గుంజుకొని చింపేయాలనిపించింది. నలభై మంది ఎరువుల దుకాణాల వాళ్ళు బయలుదేరితే ఆడవాళ్ళం ఇద్దరమే. ఆ ఇద్దరికీ కలిపి ఒకే గది రాశాడు మహానుభావుడు. ఒకరు నేను, కామారెడ్డిలో మా ఆయనతో పాటు దుకాణంలో కూర్చునేదాన్ని. రెండో ఆమె ఎల్లారెడ్డి దుకాణం ఇల్లాలు, నా బిడ్డకు అత్త, నాకు వియ్యపురాలు. వరసకు వదినె. మా ఇద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు.

"మీరిద్దరు వియ్యపురాండ్లట గదా మేడం! మంచిగ ముచ్చట పెట్టుకుంటరని బాల్కనీ రూము రాసిన. కూసుంటే సముద్రమే" అన్నాడు ఆ మనిషి, నేను మెచ్చుకుంటానని ఆశగా చూస్తూ.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఓడ వైపు చూస్తున్నాడు. ఆమె వాళ్ళాయన వైపు చూసింది. ఆయన కూడా ఓడ వైపే చూస్తున్నాడు. మగవాళ్ళిద్దరికీ పక్క గది వచ్చింది. వాళ్ళకేం, హాయి.

ఇది రెండువేల పన్నెండు ఎండాకాలం సంగతి. యాసంగి వడ్లు ఇల్లు చేరాక, వానాకాలం ఇత్తనాలు దుకాణాల్లో దిగకముందు, మాకు దొరికేది ఆ పది పదిహేను రోజులే. ఎక్కువ సరుకు అమ్మిన దుకాణాల వాళ్ళను కంపెనీలు ఆ రోజుల్లోనే ఎటో ఒకటి తిప్పుకొచ్చేవి. అంతకుముందు ఏడాది మగవాళ్ళనే తీసుకుపోయారు. ఈసారి భార్యలను కూడా తెచ్చుకోండి, పెద్ద ఓడలో నాలుగు రోజులు అన్నారు. దీపావళి నాడు ఈ సంగతి తెలిసినప్పుడు మా రెండు ఇండ్లల్లో ఒకటే సంబరం. పెళ్ళై అప్పటికి ఆరు నెలలు. వదినె ఫోన్ చేసి "ఓడల కట్టుకునేటందుకు ఇద్దరం ఒక్క తీరు చీరలు కొందామా?" అని కూడా అడిగింది. కొన్నాం కూడా.

తరవాత మాఘమాసంలో గొడవైంది. మా బిడ్డ కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పెళ్ళికి ముందు నుంచీ చెబుతోంది, పెళ్ళయ్యాకా మానలేదు. పొద్దున ఏడింటికి ఎల్లారెడ్డిలో బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ఒకరోజు బస్సు దారిలో చెడిపోయి ఇంకా ఆలస్యమైంది. వాకిట్లోనే వాళ్ళత్త ఎదురొచ్చి "నౌకరి కావాల్నా, ఇల్లు కావాల్నా, ఇయ్యాల తేల్చుకో" అన్నదట. మా బిడ్డకు నా నోరు రాలేదు గానీ నా పంతం మాత్రం వచ్చింది. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి, తిరుగు బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది.

మా దిక్కు దీనికో పద్ధతి ఉంది. అలిగి పుట్టింటికి వచ్చిన పిల్లను అత్తగారి తరఫు వాళ్ళొచ్చి, బొట్టుపెట్టి, తోలుకుపోవాలి. పిల్ల తనంతట తాను పోతే పుట్టింటి పరువు పోయినట్టే. వాళ్ళేమో, మేం వెళ్ళగొట్టలేదు కదా, కాలు బయట పెట్టినవాళ్ళే కాలు లోపల పెట్టాలి, లేదా కన్నవాళ్ళు తెచ్చి దిగబెట్టాలి అంటారు. వాళ్ళు వస్తే తప్ప మేం పంపం. మేం దిగబెడితే తప్ప వాళ్ళు రానియ్యరు. ముందు ఎవరు అడుగు వేస్తే వాళ్ళు ఓడిపోయినట్టు. నడుమ నా బిడ్డ కాపురం అట్లా ఆగిపోయింది. రాత్రుళ్ళు తను పక్క మీద అటూ ఇటూ దొర్లుతుంటే నాకు తెలిసేది. అయినా నేను మెట్టు దిగలేదు.

మరి ఓడ ఎందుకెక్కావు అని అడుగుతారేమో. మానుకుంటే ఆమెకు భయపడి మానుకుంది అంటారని ఎక్కాను. ఆమె కూడా అందుకే ఎక్కిందని తరవాత చెప్పింది.

గది తలుపు తెరిస్తే ఎదురుగా ఒక పెద్ద మంచం. రెండు మంచాలు కాదు, ఒక్కటే. దాని మీద తెల్ల తువ్వాలను మడిచి, చుట్టి, అచ్చం ఏనుగులా చేసి కూర్చోబెట్టారు. అద్దాల తలుపు అవతల బాల్కనీ. రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల, అద్దాల పిట్టగోడ. దాని అవతల ఇంకేమీ లేదు, నీళ్ళే. మాకు నీళ్ళంటే నిజాంసాగరు, పోచారం చెరువు. నిండి మత్తడి మీదుగా నీళ్ళు దుంకినప్పుడు పోచారం చూసి అబ్బో అనుకునేవాళ్ళం. ఇక్కడ ఎటు చూసినా గట్టే లేదు. ఎంత కోపం మీదున్నా నా నోటి నుంచి "అమ్మో" అని వచ్చింది. పక్కన ఆమె కూడా "అమ్మో" అంది. వెంటనే ఇద్దరం మూతులు ముడుచుకున్నాం.

మాట లేనివాళ్ళు ఒక ఇంట్లో ఉండాల్సి వస్తే పిల్లల మీద పెట్టో, గోడ మీద పెట్టో మాట్లాడటం మన ఇండ్లల్లో ఉన్నదే. అక్కడ పిల్లలు లేరు. గోడకేమో పెద్ద అద్దం. మిగిలింది ఏనుగు.

"ఓ ఏనుగా, నాకు గోడ దిక్కు పండుకునుడు అలవాటని చెప్పు" అన్నాను నేను.

ఆమె చీర సర్దుకుంటూ ఏనుగు వైపు తిరిగింది. "పండుకోమను. ఎవలొద్దన్నరు? ఆ ఏసీ మాత్రం జర తక్కువ చెయ్యమను. మాది ఎల్లారెడ్డి. కామారెడ్డోళ్ళంత సల్లటి గుండెలు గావు మావి."

నాకు చుర్రుమంది. "ఏనుగా, సల్లటి గుండెలు ఎవ్వలియో, కోడలిని వాకిట్ల నిలవెట్టినోళ్ళను అడుగు."

"ఏనుగా, నిలవడితె గదా! గడప తొక్కకుంట ఉరికినోళ్ళను ఎవలేం జెయ్యాలె?"

ఏనుగు ఏం చెబుతుంది పాపం. రెండు రోజుల పాటు మా ఇద్దరి తిట్లూ అదే మోసింది.

వదినెకు పట్టింపులెక్కువ. కొత్తగా కాలు పెట్టిన చోట బొట్టు పెట్టకుండా నిద్రపోదు. సంచిలోంచి పసుపు కుంకుమ డబ్బాలు తీసి గది తలుపుకు బయటి నుంచి నిండుగా మూడు బొట్లు పెట్టింది. నేను ఏనుగుతో వెటకారంగా ఏదో అన్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆ బొట్లు నాకే పనికొచ్చాయి. గది బయటి నడవాలో ఈ చివర నుంచి ఆ చివరకు అన్నీ ఒకే తీరు తలుపులు. అంకె చూసుకునే పని లేకుండా బొట్లు చూసి లోపలికి పోయేవాళ్ళం. మరునాడు పొద్దున గది ఊడ్చేవాళ్ళు ఎవరో వాటిని శుభ్రంగా తుడిచేశారు. మధ్యాహ్నం నేను పైనుంచి దిగి వచ్చేసరికి వదినె మాది కాని తలుపుకు తాళం కార్డు పెట్టి గీకుతోంది. లోపలి నుంచి ఒక ముసలి తెల్లదొర, చిన్న చెడ్డీ మీద, తలుపు తీశాడు. ఆమె "అయ్యో రామ" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని అక్కడే నిలబడిపోయింది. నేనే పోయి, మాట్లాడకుండా, రెక్క పట్టుకొని మా గదికి తెచ్చాను.

మూడో రోజు పొద్దున ఇంకోటి జరిగింది. కట్టిన చీర ఉతక్కుండా పక్కన పెట్టడం ఆమెకు చేతకాదు. స్నానాల గదిలోనే ఉతికి, బాల్కనీ పిట్టగోడ మీద ఆరేసింది. సముద్రపు గాలి మన మిద్దె మీద గాలి కాదు కదా. చీర ఒక్కసారి లేచి, నడుమ అడ్డుగోడ దాటి, పక్క బాల్కనీలోకి పోయింది. అక్కడ మగవాళ్ళు పేకాటలో ఉన్నారు. "ఓ! ఓ! ఏందిది!" అని కేకలు. అడ్డుగోడ పక్క నుంచి తల వంచి చూస్తే మా వియ్యంకుడు తల మీద నుంచి నడుము దాకా తడి చీర చుట్టుకొని, చేతిలో ముక్కలు మాత్రం వదలకుండా గుడ్డివాడిలా తడుముకుంటున్నాడు. మా ఆయన సాయం చెయ్యకుండా పడీ పడీ నవ్వుతున్నాడు.

"ఇగో చెల్లె, మా బావకు నీ చీరె మంచిగనే ఒప్పింది" అని కూడా అరిచాడు మా ఆయన. ఆమె మొహం ఎర్రబడింది. నాకు నవ్వు ఆగలేదు. ఆమె ముందు నవ్వకూడదని స్నానాల గదిలోకి పోయి, తలుపు వేసుకొని, కుళాయి తిప్పి మరీ నవ్వాను. కుళాయి కట్టేసేసరికి బయట మంచం మీద ఆమె కూడా ఒక్కతే కిలకిలా నవ్వుతోంది. నేను తలుపు తియ్యగానే ఆపేసి, ఏనుగు తొండం సవరించింది.

ఆ మధ్యాహ్నమే సముద్రం లేచింది. పెద్ద ఓడ కదా, కదిలినట్టే ఉండదు అని కంపెనీ మనిషి చెప్పాడు. వాడి మొహం. నాకు కడుపులో దేవినట్టయింది. బాల్కనీలో కుర్చీ పట్టుకొని కూర్చున్నాను. దూరంగా నీళ్ళు పైకి లేస్తున్నాయి, కిందికి దిగుతున్నాయి, వాటితో పాటు నా పేగులూ. స్నానాల గది దాకా పోలేకపోయాను. గుమ్మం దగ్గరే మొత్తం కక్కేశాను, చీర మీద, నేల మీద, వదినె కొత్త చెప్పుల మీద.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. మామూలు రోజుల్లో పిల్లనిచ్చిన ఇంటివాళ్ళం మేం. మగపెళ్ళివారు గడపలోకొస్తే కాళ్ళకు నీళ్ళిచ్చేది మేం. అలాంటిది ఆమె ఒక్క మాట అనకుండా కొంగు నడుముకు చెక్కి, ఒక చేత్తో నా నుదురు పట్టుకొని, ఇంకో చేత్తో వీపు రాసింది. నా మూతి కడిగింది. చీర మార్పించింది. నేలంతా తనే తుడిచింది. నేను వద్దంటుంటే వినలేదు.

"ఊకో వదినె, నువ్వు కక్కితె నేను తుడుస్త. రేపు నేను కక్కితె నువ్వు తుడువ్. ఈ నడి సముద్రంల మనకు ఇంకెవలున్నరు?" అంది. సంచిలోంచి నిమ్మకాయ తొక్కు పచ్చడి డబ్బా తీసి, వేలితో ఇంత నా నాలుక మీద పెట్టింది. మూడు నెలల తరవాత నన్ను వదినె అని పిలవడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. కక్కుడు వల్ల వచ్చిందని చెప్పి ముక్కు తుడుచుకున్నాను.

సాయంత్రానికి సముద్రం నెమ్మదించింది. నా కడుపు కూడా. ఇద్దరం బాల్కనీలో చెరో కుర్చీలో కూర్చున్నాం. ఎండ నీళ్ళ మీద వాలిపోతోంది. ఆమే మాట ఎత్తింది, నా వైపు చూడకుండా.

"నౌకరి చెయ్యొద్దని నాకేం లేదు వదినె. నాకు ఆడపిల్ల లేదు. ఇంట్ల ఇద్దరు మొగోళ్ళు. పొద్దునే పోయి దుకాణంల వడ్తరు. వచ్చి తిని, టీవీ చూసుకుంట పండుకుంటరు. మాట్లాడెటోళ్ళు లేరు. కోడలొస్తది, ఇద్దరం కూసొని కూర తరుగుకుంట ఇంత మంచీ చెడ్డా మాట్లాడుకుంటం అనుకున్న. వచ్చింది. ఏడింటికి బస్సు తీస్కపోతది, ఏడింటికి బస్సు తెచ్చి పడేస్తది. వచ్చినంక దానికి మాట్లాడ ఓపిక యాడిది? ఆ దినం బస్సు రాలే. వంట చేసి పెట్టుకొని, వాకిట్ల నిలవడి, ఎన్ని సార్లు సడక్ దాకా పోయి చూసి వచ్చిన్నో! ఏమైందోనని బుగులైంది. అది కండ్ల ముంగట కనవడంగనే ఆ బుగులంత కోపమైంది. నోట్లెకెల్లి ఆ మాట వచ్చింది."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకొని మళ్ళీ అంది. "మా పిలగాడు గూడ తక్లీబు పడ్డడు. వారం దినాలు ఫోన్ మీద ఫోన్ కొట్టిండు. మీ బిడ్డ ఎత్తనే లేదంట. అంత కోపమా దానికి?"

ఆ ఫోన్ నా దగ్గరుంది అప్పుడు. వచ్చిన రోజు కోపంలో మా బిడ్డే దాన్ని నా చేతిలో పెట్టి "ఆయన చేస్తే ఎత్తకు" అంది. నాలుగో రోజు కూర తరుగుతూ, ఏదో పట్టనట్టు "ఏమన్న ఫోన్ వచ్చిందానే అమ్మా?" అని అడిగింది. రాలేదన్నాను. పదకొండు సార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను కూడా. వాళ్ళు కాళ్ళబేరానికి రావాలి, అప్పటిదాకా అది మెత్తబడకూడదు అని నా లోపల ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. అది ఇంటికొచ్చాక మా ఇల్లు మళ్ళీ ఇల్లులా అయింది. దాన్ని పంపాలని నాకే లేదు.

అబద్ధం చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ మధ్యాహ్నమే నా కక్కు ఎత్తిన మనిషి ముందు ఇంకా ఏం దాస్తాను? "ఎత్తంది నా బిడ్డ గాదు వదినె. నేను. ఫోన్ రాలేదని దానికి అబద్ధం చెప్పిన" అన్నాను.

వదినె లేచి నిలబడింది. అయిపోయింది, ఇక ఊరికి పోయేదాకా మాట లేదు అనుకున్నాను. ఆమె గదిలోకి పోయింది. ఆ రోజు గది ఊడ్చినవాళ్ళు ఏనుగును విప్పేసి కోతిని చేసి పెట్టారు. దాన్ని పట్టుకొచ్చి బాల్కనీ బల్ల మీద మా ఇద్దరి నడుమ కూర్చోబెట్టింది.

"విన్నవా కోతీ? ఈమె చేసిన పని విన్నవా? ఇప్పుడు నేను చేసింది గూడ విను. నా కొడుకు పెండ్లాన్ని తోల్కొస్తనని బండి తియ్యపోతె తాళంచెవి తీసి బియ్యం డబ్బల దాచిన. నువ్వు పోతె నేను అన్నం ముట్టనని ఒట్టువెట్టిన. ఇగ ఇద్దర్ల ఎవలు పెద్ద దొంగలో నువ్వే చెప్పు."

ఇద్దరం కోతి వైపు చూశాం. తరవాత ఒకళ్ళ వైపు ఒకళ్ళం చూసుకున్నాం. అప్పుడు మొదలైన నవ్వు ఎంతకీ ఆగలేదు. నవ్వి నవ్వి ఏడ్చాం. పక్క బాల్కనీ నుంచి మా ఆయన తల పెట్టి, "అంతా మంచిగనే ఉన్నరా?" అని భయంగా అడిగాడు. "నీకేం పని, ముక్కలాడుకో పో" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

మిగిలిన ఒక్క రోజూ మేం గది వదల్లేదు. పైన ఏవో డాన్సులు, ఆటలు, ఈతకొలనులు ఉన్నాయట. మేం చూడలేదు. ఆ రెండు కుర్చీల్లో కాళ్ళు పిట్టగోడకు తన్నిపెట్టి, పొద్దంతా కూర్చొని, ఒక పెద్ద పంచాయతీ తీర్చాం. దిగగానే తనే మా ఇంటికి వస్తుంది. చీర పెట్టి, బొట్టుపెట్టి కోడల్ని తోలుకుపోతుంది. నేను కూడా వెంట పోయి దిగబెట్టి వస్తాను. అప్పుడు వాళ్ళు తోలుకుపోయినట్టూ అవుతుంది, మేం దిగబెట్టినట్టూ అవుతుంది, ఎవరికీ తల తగ్గదు. నౌకరీ మానేది లేదు. సాయంత్రం వంట అత్తదే. పిల్ల వచ్చాక ఒక గంట ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవాలి, అది మాత్రం తప్పనిసరి. ఆ షరతు వదినె పెట్టింది, నేను ఒప్పుకున్నాను. జూన్‌లో బడి తెరిచేలోపు మంచి రోజు కూడా చూసుకున్నాం. ఇంత తెలివి మాకు మూడు నెలల ముందు ఏమైందో అని ఆశ్చర్యపోయాం. కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో నలుగురు చుట్టూ చేరి నువ్వు తగ్గొద్దంటే నువ్వు తగ్గొద్దని ఎక్కించేవాళ్ళే. అక్కడ ఎక్కించడానికి ఎవరూ లేరు.

శంషాబాద్‌లో దిగి జీపులో కామారెడ్డి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ మాడ్చేస్తోంది. వదినె దారిలో ఎక్కడా ఆగనివ్వలేదు. చీర పెట్టిన సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. మా ఇంటి ముందు దిగితే తాళం. పక్కింటి ఆమె తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ బిడ్డ ఇచ్చిపోయింది. స్టేషన్ వెనక గల్లీల రెండు రూములు తీసుకున్నరు గదా, మీకు ఎరికనే అనుకున్న. నిన్ననే పాలు పొంగిచ్చిండ్రు" అంది.

"ఎవ్వరు?" అన్నాం ఇద్దరం.

"ఎవ్వరేంది? మీ బిడ్డ, అల్లుడు."

అదే జీపులో పోయాం. చిన్న డాబా ఇల్లు, రెండు గదులు. అల్లుడు స్టూలెక్కి కిటికీకి కూలర్ బిగిస్తున్నాడు. మా బిడ్డ కింద నిలబడి స్టూలు పట్టుకుంది. దాని మొహం మూడు నెలల్లో ఒక్కరోజు కూడా అట్లా లేదు. మమ్మల్ని చూసి కొంచెం బెదిరింది. వాడు దిగి వచ్చి, చేతులు తుడుచుకొని, నిమ్మళంగా చెప్పాడు.

"ఫోన్ కలవకపోతే బడికి పోయి కలిసిన. తాళంచెవి దొరకకపోతే బస్సుల వచ్చిన. రెండు నెలల సంది ప్రతి ఆదివారం, అత్తమ్మ దుకాణంల ఉండంగ, వస్తనే ఉన్న. మీకు చెప్తే మల్ల మీరిద్దరు దాని మీదికెల్లి కొట్లాడుకుంటరు. అందుకే మీరు ఓడెక్కెదాక ఆగినం. ఇది ఇక్కడ్నుంచే బడికి పోతది. బస్సు ఇగ నేను ఎక్కుత అమ్మా. పొద్దున దుకాణంకొస్త, రాత్రికి ఇటొస్త."

మా బిడ్డ వాళ్ళత్త కాళ్ళకు మొక్కింది. "నీ మీద కోపంతోని గాదత్తమ్మా. ఆ బస్సుల నాకు పానం పోతుండె. ఆదివారం ఇద్దరం వస్తం" అంది. అది మాట్లాడుతున్నంతసేపూ నేను వదినె మొహమే చూశాను. కూడదీసుకొని నవ్వింది. కోడలికి బొట్టుపెట్టింది, సంచిలోంచి చీర తీసి చేతిలో పెట్టింది. "కొత్తింట్ల కట్టుకో బిడ్డా" అంది. మంచినీళ్ళిస్తే సగం తాగింది. వంటగది చూసింది, పొయ్యి మంచి దిక్కునే పెట్టారని మెచ్చుకుంది. బయటికొచ్చి, గేటు పట్టుకొని, ఒక్క నిమిషం ఊరికే నిలబడింది.

నేను గెలిచాను. నా బిడ్డ కాపురం నిలబడింది, నౌకరీ నిలిచింది, ఇల్లు మా ఇంటికి నాలుగు గల్లీల దూరం. మూడు నెలలు నేను మొక్కిన మొక్కులకు ఇంతకంటే ఏం కావాలి? సంతోషం పట్టలేక గంతులు వెయ్యాలి నిజానికి. కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషిని చూస్తే గంతు వెయ్యడానికి నాకు కాలు లేవలేదు. ఆమె మాట్లాడుకోవడానికి మనిషి కావాలంది. ఉన్న ఒక్క కొడుకు కూడా రాత్రికి ఇంట్లో ఉండడు.

వియ్యంకుడు కామారెడ్డిలో ఏదో సరుకు పని చూసుకొని రాత్రికి వస్తానన్నాడు. ఆమెను ఎల్లారెడ్డి బస్సెక్కించడానికి బస్టాండుకు పోయాను. బస్సు కదిలేటప్పుడు నేనూ ఎక్కేశాను. సంచీ లేదు, మార్చుకోవడానికి చీర లేదు. మా ఆయనకు ఫోన్ చేసి రెండు మూడు రోజులు అన్నం వండుకొమ్మన్నాను. "అక్కడికి నువ్వెందుకే?" అన్నాడు. పెట్టేశాను. వదినె కిటికీ వైపు తిరిగి దారి పొడవునా ఏడ్చింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను.

ఎల్లారెడ్డిలో వదినె ఇంటి తాళం తీసి, ఊడ్చి, పొయ్యి ముట్టించింది. అన్నం, పప్పు చేసింది. ఒక్క కంచమే తీసి పెట్టింది. నాకు అర్థమైంది. మా ఇండ్లల్లో కన్నతల్లి బిడ్డ అత్తగారింట్లో మెతుకు ముట్టదు, మనుమడో మనుమరాలో పుట్టేదాకా. పెళ్ళైన ఏడాదిలో ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయినా నేను మంచినీళ్ళు దాటి ఏమీ తీసుకోలేదు. ఆమె కూడా ఎన్నడూ బలవంతం చెయ్యలేదు.

"నువ్వు తినవు గదా వదినె. రెండు అరటిపండ్లన్న తెప్పిస్త" అంది, నా మొహం చూడలేక.

"బిడ్డ ఉంటే గదా ఇది బిడ్డ ఇల్లు? అది పోయింది. ఇది మా వదినె ఇల్లు. ఇంకో కంచం తియ్యి" అన్నాను.

ఆమె లేచి ఇంకో కంచం తెచ్చింది. కండ్లు తుడుచుకోకుండానే అన్నం పెట్టింది, ఇద్దరు తినేంత పెట్టింది. నేను మొత్తం తిన్నాను.